ఇంటి గారేజికి కారు లిఫ్టు



గడచిన వేసవిలో మా తమ్ముని కుమారుడు రంగుల పటములుగల మూడు ధరల పట్టికలను దెచ్చి నా ముందుంచి, “పెదనాన్నగారూ, మన షెడ్డులో కారు లిఫ్టు పెట్టిద్దామనుకొంటున్నాను. మీరేది తీసుకోమంటే అది తీసుకొంటాను” అనెను. ముప్పదియైదేండ్లు బాలురచే విభక్తులు వల్లెవేయించినవాడను. కారు అడుగుభాగ మెట్లుండునో యెఱుగను. అయినను ఇంటి పెద్దవానిని పిల్లవాడు సలహా యడిగినప్పుడు “నీ యిష్టము నాయనా” యని తప్పించుకొనుట నాకు రుచింపలేదు. డబ్బు పోయిన మరల వచ్చును. ఆ యంత్రము క్రింద నిలువబడువాడు మా పిల్లవాడు. అందుచేత రెండు మూడు మరమ్మతు షెడ్లలో గంటలకొలది కూర్చుండి చూచితిని. యంత్రములతో వచ్చు సూచనల పుస్తకములను చదివించుకొని వింటిని. అట్లు తెలిసికొన్న సంగతులను మీకు మనవి చేయుచున్నాను. ఇప్పుడు గ్రామములలోను కార్లు గలవు. ఇట్టి పట్టిక మీ ముందునకు వచ్చు దినమును దూరమున లేదు.

మొదట, ఇట్టి యంత్రము ఇంటి కేల యను ప్రశ్న కలదు. కారు రోగములలో పెక్కులు అడుగుననే పుట్టును. చమురు కారుట, బ్రేకు గొట్టములు త్రుప్పుపట్టుట, సైలెన్సరు వదులగుట, మన త్రోవల గుంతలచే రబ్బరు బుష్షులు చీలుట, ఇవన్నియు బండి క్రింద జూచిననే కాని తెలియవు. మా వాడు యంత్రవిద్య కొంత నేర్చినవాడు. తన బండికిని చుట్టముల బండ్లకును నూనె మార్చుట మొదలగు పనులు తానే చేయును. ఇంతవఱకు నేలపై వెల్లకిల పరుండి బండి క్రిందికి దూఱి చేయుచుండెను. నా భయమంతయు ఆ దూఱుటను గూర్చియే.

ఆ భయమునకు కారణము చెప్పెదను. నా యొద్ద ఎనిమిదవ తరగతి చదివిన శిష్యుడొకడు పెద్దవాడై మెకానిక్కయ్యెను. ఒక వానకాలమున పొలముగట్టు కడ నాగిపోయిన కారును, ఆ బండితో వచ్చిన చిన్న స్క్రూజాకీతో నెత్తి, జాకీ క్రింద రెండిటుకలు పెట్టి, అడుగునకు దూఱెను. నేల మెత్తగా నుండెను. ఇటుక పగిలెను, జాకీ యొరిగెను, కారు దిగెను. దూఱుటకు ముందు స్పేరు చక్రమును బండి యడుగునకు ద్రోసియుండుటచే కారు దానిపై నాగెను. ప్రాణము దక్కినది గాని భుజపుటెముక విఱిగి ఆఱు మాసములు మంచమున నుండెను. ఇప్పటికిని ఆతని కుడిచేయి తలకంటె పైకి లేవదు. ఆ జాకీ చెడిపోయినది కాదు. అది చక్రము మార్చుటకు జేయబడినది. క్రింద మనుష్యుడుండగా బండిని మోయుటకు జేయబడినది కాదు.

ఎత్తుట వేఱు, నిలిపియుంచుట వేఱు. వడ్లబస్తాను నలుగురు పట్టి యెత్తుదురు. ఎత్తి బండిమీద వేయుదురే గాని చేతులతో బట్టుకొని ప్రొద్దుగ్రుంకువఱకు నిలువబడరు గదా. లిఫ్టు విషయమునను ఈ రెండు పనులు వేఱువేఱు అంగములు చేయవలెను.

ఎత్తుపని సాధారణముగా నూనె చేయును. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ యొత్తిడి అన్నివైపులకు సమానముగా వ్యాపించునని ఫ్రాన్సు దేశపు పండితుడు పాస్కలు 17వ శతాబ్దమున నిరూపించెను. ఆ సూత్రముపై నడచు ఒత్తుడు యంత్రమునకు జోసెఫ్ బ్రామా యను నాంగ్లేయుడు 1795లో పేటెంటు పొందెను. దానిని కారు నెత్తుటకు మలచినవాడు అమెరికాలోని మెంఫిస్ నగరవాసి పీటర్ లూనాటి. అది 1925 నాటి మాట. సూత్రము మన పిల్లలు బడిలో చదువునదే. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యముగల చిన్న ముషలకమును 20 కిలోల బలముతో నొక్కినచో, 50 చదరపు సెంటీమీటర్ల వైశాల్యముగల పెద్ద ముషలకము 1,000 కిలోల బరువు నెత్తగలదు. అయితే పెద్దది ఒక సెంటీమీటరు లేచుటకు చిన్నది 50 సెంటీమీటర్లు దిగవలెను. బలములో వచ్చిన లాభము దూరములో చెల్లిపోవును.

ఆ నూనెను బంధించి యుంచునది ఒక రబ్బరు వలయము. దానిని సీలు అందురు. అది యరిగినచో నూనె కారును, బండి మెల్లగా క్రుంగును. గొట్టమే పగిలినచో మెల్లగా క్రుంగునను నమ్మకము లేదు. అందుచేత మంచి లిఫ్టులో స్తంభము లోపల నిచ్చెనమెట్ల వంటి గాడులుండును. బండి లేచుచుండగా ఉక్కు నాలుక యొకటి ఒక్కొక్క మెట్టుపై టక్కు టక్కుమని పడుచుండును. కావలసిన యెత్తునకు వచ్చిన పిమ్మట బండిని కొంచెము దింపి ఆ నాలుకలపై కూర్చుండబెట్టవలెను. అప్పుడు భారమంతయు ఉక్కుపై నుండును, నూనెకు విశ్రాంతి. ఇరువైపుల నాలుకలును పడినవని కంటితో జూచిన తరువాతనే క్రిందికి బోవలెను. ఈ లాకులు లేని యంత్రమును ఊరక యిచ్చినను తీసికొనవలదు.

నూనెకు బదులు నిలువైన పొడవాటి మరచుట్టుపై నెత్తు లిఫ్టులును గలవు. వానిలో బరువు మోయు నట్టు కాలక్రమమున నరుగును. దాని క్రింద కాపు నట్టు మఱియొకటి యుండవలెను. రెంటి నడిమి సందు తగ్గుచుండినచో పైనట్టు అరుగుచున్నదని గుర్తు. ఆ సందును ఎవరు, ఎన్నినాళ్ల కొకసారి కొలుతురో అమ్మువానినే యడుగుడు.

ఇక రకములు. మా వాని మనసు పడినది రెండు స్తంభముల లిఫ్టు. దాని నాలుగు చేతులు కారు చట్రమును బట్టి యెత్తగా చక్రములు గాలిలో వ్రేలాడును. మనుష్యుడు నిలువబడి పనిచేయవచ్చును. మరమ్మతు షెడ్లలో నెక్కువగా గానవచ్చునది యిదే. దీనిలో చేతుల నెక్కడ పెట్టుదుమను దానిపై సర్వము నాధారపడియున్నది. ప్రతి కారు పుస్తకములోను ఎత్తదగిన స్థానములు గుర్తించి యుండును. వానిని దప్పి మఱియొకచోట పెట్టినచో రేకు నొక్కుకొనును, లేదా బండి జాఱును. చిన్న కార్లలో నింజను ముందుండుటచే బరువు ముందునకు మొగ్గును. ఎత్తినపిమ్మట నింజనును దించినచో తోక బరువై బండి వెనుకకు వాలవచ్చును. కాబట్టి చక్రములు నేలను విడిచిన వెంటనే ఆపి, బండిని చేతితో నూపి చూచి, కదలకున్ననే పైకెత్తవలెను.

నాలుగు స్తంభముల లిఫ్టులో కారు రెండు పట్టాల మీదికి నడచి యెక్కును. బరువు చక్రములపైననే యుండును గనుక భయము తక్కువ. ఒక కారుపై నొక కారు నిలుపుకొనుటకును వీలగును. చక్రము విప్పవలెనన్న మాత్రము పట్టాల నడుమ మఱియొక జాకీ కావలెను. పొడవును ఎక్కువే. మూడవది కత్తెర లిఫ్టు. మడతమంచపు కాళ్లవలె విచ్చుకొని లేచును. ఇంటివారు కొను మధ్యరకము సుమారు ఒక మీటరు లేచును. చక్రములకు, బ్రేకులకు ఇది చాలును. నడిమి భాగమును యంత్రమే యాక్రమించుటచే అచ్చటి పనులకు కొంత యిబ్బంది.

బరువు విషయమున ననుమానము పెట్టుకొన నవసరము లేదు. చిన్న కార్లు సుమారు 800 నుండి 1,000 కిలోలు; ఏడుగురు కూర్చుండు పెద్దబండ్లు సుమారు 1,800 కిలోలు, కొన్ని రెండు టన్నుల వఱకు నుండును. మూడు నాలుగు టన్నుల లిఫ్టులు దొరకుచునే యున్నవి. ట్రాక్టరును మాత్రము కారు లిఫ్టుపై నెత్తరాదు. దాని బరువులో హెచ్చుభాగము వెనుక చక్రములపై నుండును. లిఫ్టు చేతులకు పట్టు దొరకదు.

నాకు బోధపడినంతలో లిఫ్టును నిర్ణయించునది లిఫ్టు కాదు, నేల. పట్టికలలో ధర పెద్దయక్షరములతోను, నేల సంగతి చిన్నయక్షరములతోను నుండును. రెండు స్తంభముల లిఫ్టునకు ఆ స్తంభముల మొదళ్లను నేలకు బిగించు బోల్టులే ప్రాణము. బండి కొంచెము ముందునకో వెనుకకో మొగ్గినచో ఆ లాగుడంతయు బోల్టులను నేలనుండి పెఱుకజూచును. అందుచే చేయువారు కనీసము నాలుగంగుళముల మందము గల గట్టి కాంక్రీటు నేల కావలెననియు, కొన్ని నమూనాలకు ఆఱంగుళములు, అంతకు మించియు కావలెననియు చెప్పుదురు. నేల యంచులకు, అతుకులకు, పగుళ్లకు దగ్గఱగా బోల్టు వేయరాదు.

మా షెడ్డు నేల నాపరాళ్లది. “రాయి కంటే గట్టిది ఏముంటుంది పెదనాన్నగారూ?” అని మా వాడు వాదించెను. గునపపు మొనతో తట్టి చూడుమంటిని. సగము రాళ్లు డొల్లగా మ్రోగినవి. రాయి గట్టిదే, దానిక్రింద నున్నది ఇసుక, మట్టి. బోల్టు అంగుళమో రెండంగుళములో రాతిలో దిగి తరువాత ఇసుకలోనికి బోవును. పైగా బోల్టు బిగించునప్పుడు అది లోపల విచ్చుకొనును. ఆ విచ్చుటచే పలుచని రాయి చీలును. కడప బండలకును, టైల్సునకును ఇదే న్యాయము. రాళ్లు తీసివేసి, దిమ్మిస కొట్టించి, ఇనుపచువ్వల అల్లికతో ఎం-25 రకపు కాంక్రీటు వేయింపవలెను. వేసిన మఱునాడే గట్టిగా గనబడును, కాని దాని పూర్తిబలమును 28 దినములకు లెక్కింతురు. అంతవఱకు బోల్టునకు రంధ్రము వేయరాదు. మొదటి దినములలో తడి యారనీయరాదు. మేస్త్రి “వారం చాలండి” అనును, వినకుడు.

నేల తరువాత కప్పు. కారు ఎత్తు ఒకటిన్నర మీటరు. రెండు స్తంభముల లిఫ్టు దానిని సుమారు 1.8 మీటర్లు లేపును. కలిపి 3.3 మీటర్లు, అనగా పదునొకండడుగులకు రమారమి. పెద్దబండియైనచో పండ్రెండును చాలదు. మా షెడ్డు దూలము పదడుగుల మూడంగుళములయందున్నది. ఈ లెక్క కాగితముమీద వేసి చూపగా మా వాడు కొంతసేపు మాటలాడలేదు. అమెరికాలో నున్న మన పిల్లలకును ఈ చిక్కు కలదు. అచ్చటి యింటి గారేజి కప్పు తఱచుగా ఎనిమిది తొమ్మిదడుగులే.

కరెంటు సంగతి. ఇంటికి వచ్చునది సాధారణముగా సింగిల్ ఫేజు. దానితో నడచు లిఫ్టులు గలవు, అవియే యడుగవలెను. పొలము మోటారునకు ఇచ్చిన కరెంటును గారేజికి త్రిప్పుకొను సలహా యెవ్వరైన నిచ్చినచో ఆలకింపకుడు. అది నిబంధనలకు విరుద్ధము. లాకులపై కూర్చున్న బండిని దింపవలెనన్న మొదట కొంచెము పైకెత్తి నాలుకలను విడిపింపవలెను. ఎత్తుటకు కరెంటు కావలెను. నడుమ కరెంటు పోయినచో వచ్చువఱకు బండి పైననే యుండును. తొందరపడి లాకులను బలవంతముగా విడదీయరాదు. అమెరికాలో ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ వారి ముద్రయు, ఐరోపాలో ఇ.ఎన్. 1493 అను ప్రమాణమును గలవు. అమ్మువాడు వానిని పేర్కొన్నచో ఆ నమూనాకే యిచ్చిన పత్రమును చూపుమనవలెను.

“ఇంత ఖర్చెందుకు, గుంట తవ్వుకొంటే సరిపోదా?” అని మా యిరుగుపొరుగు పెద్దలనిరి. లారీ షెడ్లలో గుంట లున్నమాట నిజమే. గోదావరి, కృష్ణల పల్లపు గ్రామములలో కొన్ని యడుగులు త్రవ్విన నీరూరును. అంతకంటె ముఖ్యము, పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. అది క్రిందికి దిగి గుంటలో నిలుచును; ఒక్క నిప్పురవ్వ చాలును. వంటగ్యాసుతో నడచు కార్లకును ఇదే ప్రమాదము. మూత లేని గుంటలో రాత్రివేళ పిల్లలు, పశువులు పడుటయు నున్నది.

ఏటికి రెండుసార్లు నూనె మార్చుటకు మాత్రమే యైనచో లిఫ్టే యక్కఱలేదు. గట్టినేలపై మంచి ట్రాలీ జాకీతో నెత్తి, బరువునకు తగిన నాలుగు ఉక్కు స్టాండులపై దింపి, కదలని చక్రములకు ముందు వెనుక అడ్డుకట్టలు పెట్టి పనిచేసికొనవచ్చును. ఇటుకలు, కఱ్ఱమొద్దులు, డొల్ల సిమెంటు దిమ్మెలు స్టాండులు కావు.

మా వాడు తుదకు రెండు స్తంభముల కోరిక విడిచెను. నాపరాళ్లు లేచినవి, కాంక్రీటు పడినది. 28 దినములును ఉదయసాయంకాలములు గోనెపట్టాలపై నీరు చల్లుపని నాదే. ఇప్పుడు షెడ్డులో మధ్యరకపు కత్తెర లిఫ్టున్నది. మా వాడు పొట్టి పీటపై గూర్చుండి పనిచేయును. మీట తాళపుచెవి ఇంటిలోపల మేకునకు వ్రేలాడును, పిల్లల చేతికందదు. వాడు బండి నెత్తునప్పుడు నేను పత్రిక పట్టుకొని షెడ్డు తలుపుకడ కుర్చీలో గూర్చుందును. బండి లాకుపై కూర్చున్న “టక్కు” చప్పుడు వినబడువఱకు పత్రిక తెఱవను.