కుక్క పోయిన యింటికి మరొక కుక్క

మనుష్యుడు పోయిన యింటికి వెళ్ళి పలుకరించుటకు మన సంప్రదాయమున ఒక పద్ధతి యున్నది. ఏమి మాటాడవలెనో, ఎంతసేపు కూర్చుండవలెనో, లేచి వచ్చునప్పుడు 'వెళ్ళివత్తుము' అని సెలవు తీసికొనరాదనియు మన యిండ్లలో పిల్లలకు సైతము తెలియును. పదియవనాడు, పదునొకండవనాడు అని దుఃఖమునకు దినములు లెక్కగట్టి, పండ్రెండవనాటికి ఆ యింటివారిని మరల లోకములోనికి తీసికొనివచ్చు ఏర్పాటును పెద్దలు చేసియుంచిరి. పెంచుకొన్న కుక్క పోయిన యింటికి అట్టి ఏర్పాటేదియు లేదు. యజమాని మరునాడే ఆఫీసుకు పోవలెను. పిల్లలు బడికి పోవలెను. మొగము చిన్నబోయి యుండుట చూచి కారణమడిగినవారు, సంగతి విన్నపిమ్మట, "ఓస్, కుక్కేనా!" అని తేలికపడుదురు. వారు కఠినహృదయులని మేము చెప్పము. ఆ సందర్భమునకు తగిన మాటను ఎవ్వరును ఏర్పరచియుంచలేదు గనుక వారికి దొరకలేదు; అంతియే.

ఈ ప్రసంగమున మేము మాటాడదలచినది ఆ దుఃఖమునకు తరువాత వచ్చు ప్రశ్నను గురించి. మరొక కుక్కను తెచ్చుకొనవచ్చునా? తెచ్చుకొన్నచో ఎప్పుడు? అందునను, వీధిలో దెబ్బ తిని ఎవరో దయగలవారు ఎత్తి సంరక్షణశాలకు చేర్చిన కుక్కను తెచ్చుకొనుట ఎట్టిది?

మా యింట మోతి పదమూడేండ్లు ఉండెను. తెల్లని బొచ్చు కుక్క. మన దేశమున అందరును పొమరేనియన్ అని పిలుచు రకము. తెలిసినవారు దానిని ఇండియన్ స్పిట్జ్ అందురు. దాని గుణగణములు వర్ణింపము. కుక్కను పెంచిన ప్రతివారును తమ కుక్కకు మించినది లేదందురు, వినువారికి విసుగు పుట్టును. చివరి యేట దానికి మూత్రపిండములు చెడినవి. ముసలి కుక్కలలో ఇది తరచుగా వచ్చు వ్యాధియే. నీరు ఎక్కువగా త్రాగుచుండును, తిండి తగ్గును, ఒడలు చిక్కును. కనుగొనునప్పటికే చాలవరకు నష్టము జరిగియుండును. పశువుల డాక్టరుగారు సెలైను ఎక్కించి రెండు నెలలు నిలిపిరి. అటుపిమ్మట అది పోయెను.

పోయిన తరువాత ఇంట జరిగినది చెప్పవలెను. మా తల్లిగారు మధ్యాహ్న భోజనము ముగించుచు పెరుగన్నమున ఒక ముద్ద మిగిల్చి, చేయి విస్తరి ప్రక్కకు చాచి, అక్కడ ఎవ్వరును లేకుండుట చూచి ఆగుచుండిరి. ఇట్లు ఎన్నియో దినములు జరిగినది. ఒకనాడు ఆమెయే, "ఒరే, ఇంక ఈ ఇంట్లో కుక్క మాట ఎత్తకండి. ఇంకోదాన్ని సాగనంపే ఓపిక నాకు లేదు" అనిరి. కొంతసేపు ఊరకుండి, "అయినా ఈసారి అది ముందో, నేను ముందో!" అనిరి. ఆమెకు అప్పుడు డెబ్బదియారేండ్లు. కుక్క పండ్రెండు, పదునాలుగేండ్లు బ్రతుకును. లెక్క ఆమె యెరుగును.

మా చిన్నమ్మాయిది మరొక దారి. దానికి తెల్లని పిల్లయే కావలెను, అదే రకము కావలెను, దానికి మోతి అనియే పేరు పెట్టవలెను. ఒకరు వద్దనిరి, ఒకరు కావలెననిరి. పైకి విరుద్ధముగా కనబడిన యీ రెండు కోరికలును నిజమునకు ఒక్కటియే. నానమ్మ మోతి చోటును ఖాళీగా ఉంచదలచెను. మనుమరాలు ఆ చోటున మోతినే మరల కూర్చుండబెట్టదలచెను. రాబోవు కుక్కను గురించి ఇద్దరిలో ఏ యొక్కరును ఆలోచింపలేదు.

ఎంతకాలము ఆగవలెనని పలువురు అడుగుదురు. దినములతో లెక్కగట్టగల విషయము కాదిది. వారము తిరుగకుండ తెచ్చుకొని సుఖముగా ఉన్న కుటుంబములను ఎరుగుదుము. పదేండ్లకును తెచ్చుకొనని వారిని ఎరుగుదుము. మేము ఏడు నెలలు ఆగితిమి. కన్నీరు ఆరినదా లేదా అనునది కొలత కాదని మా అభిప్రాయము. వచ్చిన జంతువును దాని మొగము చూచి, దాని పేరుతో పిలువగలమా అనునదే చూచుకొనవలెను. పాత పేరును కొత్త కుక్కకు పెట్టుట మాకు సమ్మతము కాదు. పళ్ళెము వాడుకొనవచ్చును, గొలుసు వాడుకొనవచ్చును, పరుపు ఉతికి వేయవచ్చును. పేరు మాత్రము పోయినదానికే విడిచిపెట్టవలెను. లేనిచో పిలిచిన ప్రతిసారియు ఈ కుక్క ఆ కుక్క కానందుకు తప్పుపట్టినట్లగును.

ఒక్క సందర్భమున మాత్రము ఆగుట తప్పనిసరి. ముందటి కుక్క పార్వో అను అంటువ్యాధితో పోయియున్నచో, ఆ యింటికి వెంటనే కుక్కపిల్లను తేరాదు. 1978 ప్రాంతమున లోకమున మొదట కనబడిన యీ వ్యాధి పిల్లలను రక్తవిరేచనములతో కొలది దినములలో హరించును. దాని వైరసు ఇంటి నేలపైన, పెరటి మట్టిలోను నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరము వరకును నిలిచియుండును. సబ్బునీటికి లొంగదు. గచ్చును బ్లీచింగు పొడి నీటితో కడుగవలెను. మట్టిని అట్లు కడుగుట సాధ్యము కాదు. అట్టి యింటికి టీకాలన్నియు పూర్తియైన పెద్ద కుక్కను తెచ్చుకొనుట మేలు. దుఃఖవేగమున మరునాడే పిల్లను తెచ్చి, పదిదినములకు దానిని కూడ పోగొట్టుకొన్న యిల్లు మా వీధిలోనే యున్నది.

ఇక సంరక్షణశాలల సంగతి. జంతు సంరక్షణకై మద్రాసులో 1959లో బ్లూ క్రాస్ సంస్థ ఏర్పడినది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల, నాగార్జునగార్లు ఆ పేరిట మరొక సంస్థను నెలకొల్పిరి. ఇప్పుడు అనేక పట్టణములలో చిన్నవియు పెద్దవియు ఇట్టి చోట్లున్నవి. అక్కడికి పోయినవారు మొదట గమనించునది కుక్కల చెవులు. చెవి కొనను చిన్న ముక్క కత్తిరించియుండును. చూచి జాలిపడనక్కరలేదు, పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స జరిగినదనుటకు అది గుర్తు. మత్తులో ఉండగనే చేయుదురు. వీధికుక్కలకు ఈ చికిత్సయు, పిచ్చికుక్క వ్యాధికి టీకాయు వేసి, పట్టిన చోటనే విడువవలెనని 2001లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసెను. 2023లో వాటి స్థానమున కొత్త నియమములు వచ్చినవి.

శ్రోతలలో కుక్కలన్న గిట్టనివారు కొందరుందురు. వారు రేడియో కట్టివేయకముందే వారి పక్షమున ఒక మాట చెప్పవలెను. వారి భయము ఉత్తది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు నాలుగేండ్ల బాలుని చంపినది. పిచ్చికుక్క వ్యాధి లక్షణములు కనబడిన తరువాత మనుష్యుడు బ్రతుకుట దాదాపు లేదు. కరచిన వెంటనే గాయమును పారుచున్న నీటితో, సబ్బుతో పావుగంటసేపు కడిగి, ఆలస్యము చేయక టీకా వేయించుకొనుటయే మార్గము. పెంపుడు కుక్క గీరినను, కరచినను ఇదియే పద్ధతి. కావున కుక్కను తెచ్చుకొనువాడు తన యింటి ముచ్చటనే గాక వీధివారి క్షేమమును కూడ తలకెత్తుకొనుచున్నాడు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలను గురించి ఇచ్చిన ఉత్తర్వులో, దత్తు తీసికొనదలచినవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చుననియు, తీసికొన్న కుక్క మరల వీధికి రాకుండ చూచు బాధ్యత వారిదేననియు చెప్పినది. ఆ రెండవ మాట మాకు మొదటిదానికంటె ముఖ్యముగా తోచినది.

సంరక్షణశాలకు మా తల్లిగారు కూడ వచ్చిరి. "చూడ్డానికే వస్తున్నాను" అని ముందే చెప్పి బయలుదేరిరి. పిల్లలను చూచి మా అమ్మాయి మురిసిపోయెను. అవి పాదములపై ఎక్కి దొర్లుచుండెను. ఒక గోడమూల ఎర్రని కుక్క ఒకటి వీపు గోడకానించి కూర్చుండియుండెను. మూడేండ్లుండవచ్చుననిరి. బండి తగిలి వెనుకకాలు విరిగి, అతుకుకొన్నది గాని వంకర పోలేదు. అక్కడివారు దానిని ఎర్రమ్మ అని పిలుచుచుండిరి. అది ఎవ్వరివద్దకును రాలేదు. మా తల్లిగారు దానిని చాలసేపు చూచి, "దీనికీ ఎవరో పోయినట్టున్నారురా" అనిరి. అక్కడివారిని అడుగగా నిజమే అయినది. అది ఒక టీకొట్టు దగ్గర పెరిగినదట. కొట్టు యజమాని కాలము చేయగా కొట్టు మూతపడినది. అటుపిమ్మట రోడ్డున పడి దెబ్బ తిన్నది. ఎర్రమ్మను తెచ్చితిమి. అమ్మాయి దారి పొడవున మాటాడలేదు.

ఇట్టి కుక్కను తెచ్చుకొనువారు మొదటి దినములకు సిద్ధపడవలెను. మూడు దినములు భయము, మూడు వారములు పరిచయము, మూడు నెలలకు ఇల్లు అని కుక్కల విషయము తెలిసినవారు చెప్పుదురు. శాస్త్రనియమము కాకున్నను మంచి అంచనాయే. ఎర్రమ్మ మొదటి రెండు దినములు మంచము క్రిందినుండి రాలేదు. మనుష్యులు చూచుచుండగా తినలేదు. దీపములార్పిన తరువాత పళ్ళెము ఖాళీయగుచుండెను. పనిమనిషి చీపురెత్తినచో నేలకంటుకొనిపోయెను. మోటారు సైకిలు చప్పుడైనచో వణకెను. ఇట్టి వేళ దానిని పట్టి లాగుట, ఇరుగుపొరుగును పిలిచి చూపుట, వచ్చిననాడే స్నానము చేయించుట పనికిరాదు. ఒక మూల దానికి విడిచి, దాని జోలికి పోకుండ మన పని మనము చేసికొనుచుండవలెను. వీధిలోనికి మాత్రము గొలుసు లేక తీసికొనిపోరాదు. భయపడిన కుక్క పరుగెత్తినచో ఇల్లు ఏదో దానికింకను తెలియదు.

తిండి విషయమున మన యిండ్లలో అలవాటైన కొన్ని మానవలెను. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురును చెరచును. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాకొలెట్టు విషతుల్యములు. ప్రసాదములోని కిస్‌మిస్ పండ్లు ఏరి పెట్టవలెను. ఉడికిన ఎముకలు చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగనే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, అటుపిమ్మట డాక్టరు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను.

వీధికుక్కను ఇంటికి తెచ్చితిరేమని మా బంధువులలో ఒక పెద్దమనిషి అడిగిరి. జాతి కుక్కను కొనరాదా అని వారి భావము. ధర్మరాజు మహాప్రస్థానమున కుక్కను విడువక స్వర్గమునైనను కాదనెనని మనమందరము విన్నదే. ఆ కథలో మాకు నచ్చిన సూక్ష్మమొకటి కలదు. అది ధర్మరాజు పెంచిన కుక్క అని కథ చెప్పదు. ఐదుగురు అన్నదమ్ములు, ద్రౌపది నడచిపోవుచుండగా ఏడవదిగా అది వెంటపడినది. అందరును రాలిపోయిన తరువాత వెంట మిగిలినది. ఆయన దాని కులగోత్రముల నడుగలేదు. తనను నమ్మి వచ్చినది గనుక విడువననెను. ఇది చెప్పగా ఆ పెద్దమనిషి నవ్వి, "మీరు ధర్మరాజులు కారు, ఫ్లాటు కూడా చిన్నది" అనిరి. రెండును నిజములే.

అమ్మాయి చాలదినములు రెండింటిని పోల్చెను. 'మోతి ఇట్లు చేసెడిది కాదు' అనునది నోటిమాటయై పోయెను. మేము వారింపలేదు. మోతి బొమ్మ గోడమీదనే యున్నది. దానిని తీసివేసినచో ఎర్రమ్మకు మేలు కలుగదు. రెండవ నెలలో ఒకనాటి రాత్రి ఉరిమినప్పుడు ఎర్రమ్మ తనంతట తాను వచ్చి అమ్మాయి మంచము ప్రక్కన పండుకొనెను. మోతికి ఉరుములన్న లెక్కయే లేకుండెను. మరునాటినుండి పోలికలు తగ్గినవి.

మా తల్లిగారి లెక్క మాత్రము మిగిలియే యున్నది. అది మాటలతో తీరునది కాదు గనుక మా పెద్దమ్మాయిని, పల్లెలోని మా తమ్ముని కూర్చుండబెట్టి, ఎవరు ముందైనను, ఎవరెక్కడికి పోవలసివచ్చినను ఎర్రమ్మ ఎవరివద్ద నుండునో తేల్చితిమి. వయసు మీరినవారున్న ప్రతి యింటను కుక్కను తేకముందే చేయవలసిన పని యిది. తమ్ముడు ఒప్పుకొనెను, పెరడున్నది, తనకు ఇబ్బంది లేదనెను. మా తల్లిగారు అంతయు విని ఏమియు అనలేదు. ఎర్రమ్మకు పెరుగన్నము సయించదని, చపాతీ ముక్క కావలెనని, ఇదెక్కడి వేషమని సణిగిరి. ఆ సాయంకాలము దాని టీకాల పుస్తకమును తమ మందుల పెట్టెలో పెట్టుకొని, మార్చి నెలలో వేయించవలసిన టీకా తేదీకి క్యాలెండరుమీద సున్న చుట్టుమని అమ్మాయికి చెప్పిరి.