ఇంజన్ మార్చిన బండి – పొద్దుటిపూట రేసింగ్

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ వర్క్‌షాపులో జీపులు, కార్లు విప్పి బిగించిన వాణ్ణి గనుక, అందరికీ పనికివచ్చే బండి సంగతేదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మనలో పలువురి ఇళ్లముందు పాత బండ్లున్నాయి. వాటిలో కొన్నింటికి సొంత ఇంజన్ పోయి వేరే ఇంజన్ వచ్చి చేరింది. అటువంటి బండి పొద్దున్నే స్టార్టు చేయగానే గోలగా రేసింగ్ అవుతుంటే కారణం ఎలా వెదకాలి అన్నదే ఈనాటి నా అంశం.

ఇంజన్ మార్చడం మనకు కొత్త కాదు. 1489 సి.సి. పెట్రోలు ఇంజన్ ఉన్న అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించడం ఒకప్పుడు ఊరూరా జరిగేది. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి మొదట 970 సి.సి. ఇంజన్ ఉండేది. అది అరిగిన తరువాత కొందరు 1.3 లీటర్ల ఇంజన్ పెట్టించుకున్నారు. 2000 సంవత్సరం తరువాత కార్లలో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ రావడంతో, ఇంజనుతోపాటు సెన్సర్లు, వైరింగ్, చిన్న కంప్యూటర్ కూడా తరలి రావలసి వచ్చింది. చిక్కులు అక్కడే పెరిగాయి.

మొదట ఒక మాట. చల్లటి పెట్రోలు ఇంజన్ కొంచెం ఎక్కువ వేగంతో తిరగడం జబ్బు కాదు. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆయిలు చిక్కగా ఉంటుంది. అందుకని స్టార్టయిన వెంటనే నిమిషానికి 1,200 నుండి 1,500 చుట్లు తిరిగి, వేడెక్కేకొద్దీ మెల్లగా దిగి, 800 చుట్ల దగ్గర నిలబడాలి. రెండు వేలు దాటిపోయినా, పది పదిహేను నిమిషాలైనా దిగకపోయినా, ఊయలలాగా పైకీ కిందికీ ఊగుతున్నా జబ్బే.

"పలమనేరు చలికి అంతేలే" అని సరిపెట్టుకునేవారున్నారు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉన్నమాట, మార్గశిర పుష్యమాసాలలో పొద్దున్నే వణికించేమాట నిజమే. కాని మంచు కురిసే దేశాల కోసం కూడా తయారైన ఇంజన్లివి. మన చలి వాటికి ఒక లెక్కా?

దీనిని తేలికగా తీసుకోరాదు. పెట్రోలు వృథా కావడం ఒక్కటే నష్టం కాదు. గేరు వేసి క్లచ్ వదలగానే బండి ముందుకు దూకుతుంది. ఇంటిముందు మనవళ్లు ఆడుకుంటూ ఉంటారు. మొగిలి ఘాటు దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద నుండి కాలు తీస్తే ఇంజన్ బండిని కొంత పట్టి ఉంచాలి. రేసింగ్‌లో ఉన్న ఇంజన్ ఆ పని సరిగా చేయదు, భారమంతా బ్రేకులమీద పడుతుంది.

మన సభ్యులలో ఒకరికి 1.3 లీటర్ల ఎంపీఎఫ్ఐ ఇంజన్ ఎక్కించిన పాత జిప్సీ ఉంది. పొద్దున 2,200 చుట్లు, కాసేపటికి ఊగిసలాట. చిత్తూరులో మెకానిక్ దగ్గరకు తీసుకుపోతే బండి బుద్ధిమంతుడిలాగా నిలబడేది. ఆశ్చర్యమేముంది? సుమారు 40 కిలోమీటర్లు ఘాటు దిగిపోయిన ఇంజన్ చల్లగా ఎందుకుంటుంది? మూడుసార్లు తిరిగాక "కంప్యూటర్ మార్చాలి, వేలల్లో అవుతుంది" అన్నారట. పెన్షను డబ్బుతో ఆ వేలు ఎక్కడినుండి తేవడం?

రాత్రికి బండి మా ఇంటి దగ్గరే వదిలిపెట్టమన్నాను. చలిలో వచ్చే జబ్బును చలిలోనే చూడాలి. తెల్లవారి, ఇంజన్ తాకకముందే, యాక్సిలరేటర్ కేబుల్ చూశాను. ఇంజన్ మారినప్పుడు కేబుల్ పొడవు కుదరక బిగుసుకుపోవడం మామూలే. ఇక్కడ కొంచెం వదులుగానే ఉంది, మంచిదే. రేడియేటర్‌లో నీళ్లు నిండుగా ఉన్నాయి. తరువాత కంప్యూటర్‌కు ఇంజన్ వేడి చెప్పే సెన్సర్ వైరు తీసి మీటరు పెట్టాను. ఈ జపాన్ రకం సెన్సర్లు 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు మూడు వందల ఓమ్‌లు చూపాలి. చల్లగా ఉన్నప్పుడూ, వేడెక్కాకా లెక్క సరిపోయింది. అంటే కంప్యూటర్‌కు అందే కబురు నిజమైనదే.

ఇంజన్ బాగా వేడెక్కాక, ఆపి, థ్రాటిల్ దగ్గరి రెండు సన్నని నీళ్ల పైపులు పట్టుకుని చూశాను. రేడియేటర్ పైపు చేయి పెట్టనీయకుండా కాలుతోంది. ఇవి మాత్రం చల్లగా ఉన్నాయి! పాత బండిలో వాటిని కలిపే చోటు లేక, ఇంజన్ ఎక్కించినవారు బోల్టు దూర్చి మూసేశారు. ఆ ఇంజన్‌లో థ్రాటిల్ కింద మైనం నింపిన ఒక వాల్వు ఉంది. వేడినీళ్లు తగిలితే మైనం ఉబ్బి, చల్లటి ఇంజన్‌కు ఇచ్చే అదనపు గాలిని మూసేస్తుంది. నీళ్లే రాకపోతే దానికి వేడెక్కడిది? లోహం గుండా వేడి పాకి అది మూసుకునేసరికి బండి చిత్తూరు చేరేది. ఆ గాలికి వేగం పెరగడం, కంప్యూటర్ పెట్రోలు ఆపడం, వేగం పడిపోవడం, మళ్లీ పెట్రోలు ఇవ్వడం – ఊగిసలాటకు కారణం అదే. ఒక టీ ముక్క, మూరెడు హోస్, నాలుగు క్లిప్పులు వేశాము. మర్నాడు పొద్దున 1,400 చుట్లతో లేచి, ఆరు నిమిషాలకు 850 దగ్గర నిలిచింది. కంప్యూటర్ నిర్దోషి.

దీనినిబట్టి సూత్రం ఒకటే. ఇంజన్ మార్చిన బండిలో, కొత్తగా అతికిన చోట్లే మొదట వెదకాలి. కేబుల్, నీళ్ల పైపులు, సెన్సర్ వైర్లు, మానిఫోల్డ్ ప్యాకింగ్, బ్రేకు బూస్టరుకు పోయే గాలి పైపు. చీలిన పైపు గుండా గాలి దొంగతనంగా లోపలికి పోతే వేగం పెరుగుతుంది. అనుమానమున్న అతుకుమీద సబ్బునీళ్లు కొద్దిగా చిలకరించండి. శబ్దం మారితే దొంగ దొరికినట్లే. ఇందుకు పెట్రోలు మాత్రం వాడకండి, మంటలు రేగుతాయి. కార్బురేటర్ బండి అయితే చోక్ లోపలికి పూర్తిగా పోతున్నదో లేదో చూడండి. సగంలో నిలిచిన చోక్ థ్రాటిల్‌ను కొంచెం తెరిచే ఉంచుతుంది. కారణం తెలియకుండా ఐడిలింగ్ స్క్రూ మాత్రం తిప్పవద్దు. పొద్దుటి గోల తగ్గినట్లుంటుంది, మధ్యాహ్నం ప్రతి మలుపులో ఇంజన్ ఆగిపోతుంది.

జాగ్రత్తలు మూడు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ప్రాణం తీస్తుంది. వేడిమీద రేడియేటర్ మూత తీయవద్దు. తిరిగే ఫ్యాను దగ్గరకు శాలువా, తుండుగుడ్డ వేలాడేసుకుని పోవద్దు.

చివరగా కాగితాల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇటువంటి మార్పులకు రవాణా శాఖ ఆమోదం ఉండాలి. కొత్త ఇంజన్ నంబరు ఆర్.సి.లో ఎక్కాలి, ఇన్సూరెన్సువారికీ తెలియజేయాలి. లేకుంటే ప్రమాదం జరిగిన నాడు పరిహారం దగ్గర పేచీ వస్తుంది. బ్రతికి ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లం మనం. కాగితం విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఎవరి బండికైనా ఈ తంటా ఉంటే, ముందురోజు సాయంత్రమే మెకానిక్ దగ్గర వదలండి. పొద్దున్నే ఆయన పక్కన నిలబడి, మొదటి స్టార్టు ఇద్దరూ కలిసి చూడండి. ఖర్చు మాట తరువాత మాట్లాడవచ్చు.