పలక అదే, రంగే మారింది
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



లేబొరేటరీలో నా పని మీలో చాలామందికి "గొట్టంలో ఈలలు వేయించే పని"గానే గుర్తుండి ఉంటుంది. ఆ గొట్టం పేరు ఇంపీడెన్స్ ట్యూబ్. ఒక చివర స్పీకరు, రెండో చివర పరీక్షించవలసిన పలక ముక్క. వెళ్ళే శబ్దం, పలకకు తగిలి తిరిగివచ్చే శబ్దం కలిసి గొట్టంలో కొన్నిచోట్ల హెచ్చుగా, కొన్నిచోట్ల తగ్గుగా నిలుస్తాయి. మైకును జరుపుతూ ఆ రెంటినీ కొలుస్తాము. హెచ్చు పీడనం తగ్గుకు 3 రెట్లుంటే పలక నూటికి 75 పాళ్ళ శబ్దశక్తిని పీల్చుకున్నట్టు. 19 రెట్లుంటే 19 పాళ్ళే.

కీచుశబ్దాలకు సన్నగొట్టం కావాలి. 100 మిల్లీమీటర్ల గొట్టం సుమారు 1,800 హెర్ట్జ్ దాకానే పనికొస్తుంది. ఆపైన 30 మిల్లీమీటర్లది వాడేవాళ్ళం. 4,000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లే గనుక, రెండంగుళాల మెత్తని పలకే దానిని బాగా మింగుతుంది. అయితే మింగేవి దాని రంధ్రాలు. వాటిలో గాలి కదిలి, రాపిడికి శబ్దం వేడిగా మారాలి.

ఎయిర్ గన్‌తో కాస్టింగులు ఊదే గదికి అటువంటి పలకలు నేనే పరీక్షించి, సరేనన్నాను. కొన్నాళ్ళకు పెద్ద అధికారులు వస్తున్నారని వాటికి ఆయిల్ పెయింట్ వేశారు. అక్కడి ఫిట్టరు మిత్రుడు వచ్చి, "ఏమండీ, గది మళ్ళీ అరుస్తోంది" అన్నాడు. నేను రిపోర్టు తీసి చూపించి, "పలకలు అవే కదయ్యా" అని పంపేశాను. గోడ దగ్గరకు వెళ్ళలేదు.

చాలా నెలల తర్వాత ఒక ముక్క కోసి గొట్టంలో పెట్టాను. రంధ్రాలు మూసుకుపోయాయి. 4,000 హెర్ట్జ్ దగ్గర శోషణ దాదాపు పోయింది. పలకలు మార్పించాము.

పలకలు గోడల నుంచి తిరిగివచ్చే శబ్దాన్నే తగ్గిస్తాయి. యంత్రం నుంచి నేరుగా చెవికి వచ్చేదాన్ని ఆపలేవు. కనుక మిత్రుని చెవుడంతా ఆ నెలల్లోనే వచ్చిందనను. కానీ మోతవల్ల వచ్చే చెవుడు సాధారణంగా ఆ 4,000 దగ్గరే మొదలవుతుంది. ఇవాళ ఆయనకు మనవరాలి మాటల్లో 'స'కారం వినపడదు.

నేను కొలిచింది ముక్కను. ఆయన పనిచేసింది గదిలో. నా పరికరం కన్నా ముందు ఆయన చెవి నిజం చెప్పింది.

మోత షాపుల్లో పనిచేసిన సభ్యులంతా దయచేసి చెవి పరీక్ష చేయించుకోండి.