పాత వ్యాను కొనాలా, వద్దా?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోను చేసి, "ఇంజినీరువి కదా, పదిమందికీ పనికొచ్చేది ఏదైనా మాట్లాడు" అన్నారు. కాంక్రీటు గురించి మొదలుపెడితే భోజనాల ముందే మీకు నిద్రొస్తుంది. అందుకని ఈమధ్య మా ఇంట్లో నెలన్నరపాటు నడిచిన ఒక తర్జనభర్జన మీ ముందు పెడతాను. పదహారేళ్ళ నాటి క్యాంపర్ వ్యాను ఒకటి అమ్మకానికొచ్చింది. రిపేర్లున్నాయి. కొనాలా, వద్దా?

క్యాంపర్ వ్యానంటే లోపలే పడక, చిన్న వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి ఉన్న బండి. జర్మనీలో 1950లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ డబ్బా వ్యాను వచ్చాక, అందులో పడకలు అమర్చడంతో ఈ మోజు ప్రపంచమంతా పాకింది. ఆ ఆలోచన మాత్రం మనకి కొత్తది కాదండి. మన తాతలు గూడుబండిలో పరుపేసుకుని తీర్థాలకు వెళ్ళారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో కాలవల మీద గూటి పడవల్లో వండుకుని, తిని, పడుకుని, తెల్లారేసరికి ఊరు చేరారు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు డేరాలు వెంట పెట్టుకునే వెళ్ళారు. ఇల్లు వెంట తీసుకెళ్ళాలన్న కోరిక పాతదే. దానికి ఇంజను తగిలించడమే కొత్త.

మా ఇంట్లో ఆ కోరిక ఎందుకొచ్చిందో చెప్పాలి. మా అమ్మకి ఎనభై ఒకటి. పంచారామాలు ఒక్కసారి వరసగా చూడాలని ఆవిడ కోరిక. సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం గునుపూడి. నాలుగు మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి, ఐదోది అమరావతి. దూరం పెద్ద సమస్య కాదు. ఆవిడకి మోకాళ్ళు వంగవు, గంటకోసారి బాత్రూముకి వెళ్ళాలి. దారిలో ఎక్కడాపమని అడగడానికి మొహమాటం. అందుకని ప్రయాణం ఉన్న రోజు పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టదు. పెళ్ళిళ్ళకు రావడం కూడా మానేసింది. "నాకు ఓపిక లేదురా" అంటుంది. అది ఓపిక కాదని మా ఆవిడ కనిపెట్టింది. ఇక్కడున్న చాలా ఇళ్ళల్లో ఈ మాట వినబడుతూనే ఉంటుంది.

వ్యాను చూడగానే నాకు మనసు లాగేసింది. కిటికీకి కర్టెన్లు, మడత మంచం, వెనకాల చిన్న గది. ధర నాలుగున్నర లక్షలు. మా మేస్త్రీ పైపైన చూసి, "రెండు లక్షలు పెడితే కొత్తదైపోద్దండి" అన్నాడు. ఇలాంటప్పుడు మనసుని కాస్త పక్కన కూర్చోబెట్టి మూడు పరీక్షలు పెట్టాలి. ఇనుము, కాగితం, లెక్క.

మొదటిది ఇనుము. దేన్ని బాగుచేయాలి, దేన్ని వదులుకోవాలి అన్న పాఠం గోదావరి వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. వందేళ్ళకు పైగా మరమ్మతులు చేసుకుంటూ వాడుకున్నాం. చివరికి మరమ్మతులతో లాభం లేదని తేలాక కొత్త బ్యారేజీ కట్టుకున్నాం. రాజమండ్రి హేవలాక్ వంతెన మీద 1900 నుంచి రైళ్ళు నడిచాయి. 1997లో కొత్త ఆర్చి వంతెన వచ్చాక దానికి విశ్రాంతి ఇచ్చారు. ఆ వంతెన మీద మనకి ప్రేమ తగ్గలేదు. ప్రేమ వేరు, బరువు మోయగల శక్తి వేరు. మూలం గట్టిగా ఉన్నంతకాలం మరమ్మతు చేయించుకోవాలి. మూలమే పోతే మార్చుకోవాలి.

వ్యానుకి మూలం ఛాసీ. ఇంజను పాడైతే మరొకటి దొరుకుతుంది. సీట్లు, రంగు, కర్టెన్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఛాసీ తుప్పు పడితే మాత్రం ఎంత డబ్బు పోసినా నమ్మకం రాదు. అంతర్వేది, ఓడలరేవు, కాకినాడ వైపు ఉప్పుగాలిలో తిరిగిన బండిని మరీ జాగ్రత్తగా చూడాలి. చిన్న సుత్తితో అడుగున వరసగా కొడుతూ వెళ్ళండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్బామోత మోగుతుంది. కొత్తగా నల్లరంగు పూసిన చోట రెండుసార్లు కొట్టండి.

మన ప్రాంతంలో ఇంకో ప్రమాదం వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద నా వయసు వాళ్ళందరికీ గుర్తే. 2022 జులైలో మళ్ళీ 25 లక్షలు దాటింది. నీట మునిగిన బండి కడిగి తుడిచాక పెళ్ళికూతురులా కనిపిస్తుంది. సీటుబెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపల చుట్ట దగ్గర ఒండ్రు మరక ఉంటుంది. సీటు కింద బోల్టుల తుప్పు చూడండి. హెడ్‌లైటు అద్దం లోపల చెమ్మ చూడండి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్ళాలి. ముందే వేడిచేసి ఉంచితే ఎందుకో అడగాలి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు. టైరు గీతలు చూసి మోసపోవద్దు, పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2315 అంటే 2015లో 23వ వారం తయారైందని. గీతలు నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదే. వంటగ్యాసు బండి గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేలబారున పేరుకుంటుంది. కింద గాలి పోయే సందు లేని వ్యానులో సిలిండరు పెట్టకూడదు. బరువు సంగతి కూడా చూడాలి. నూరు లీటర్ల నీళ్ళంటే నూరు కిలోలు. మంచం, బీరువా, బ్యాటరీ, మనుషులు అన్నీ కలిపి రైసుమిల్లు కాటా మీద తూకం వేయిస్తే నిజం తెలుస్తుంది.

రెండోది కాగితం. సొంత వాడకం బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళే. ఆ తరవాత తనిఖీ చేయించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. కారు లాంటి బండికి ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి ఒక్కసారిగా 5 వేలైంది. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిలు బండ్లను ఆపేయడంతో అక్కడి నుంచి చౌకగా దక్షిణాదికి వచ్చేవి ఉంటాయి. ధర చూసి సంబరపడకుండా నిరభ్యంతర పత్రం, ఇక్కడ కట్టాల్సిన పన్ను కూడా కలిపి చూసుకోవాలి. అసలు చిక్కు మార్పుల దగ్గర ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ తయారుచేసిన బండి స్వరూపాన్ని మనిష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. ఆర్సీలో సీట్ల వ్యాను అని రాసుండి, లోపల మంచాలుంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నకే మన దగ్గర జవాబుండదు.

మూడోది లెక్క. మన లెక్కల మాస్టారు "చివరి మెట్టు రాయకుండా లేవకురా" అనేవారు. అందుకని చివరిదాకా వేశాను. ధర నాలుగున్నర లక్షలు. మేస్త్రీ చెప్పిన రెండు లక్షలకి సగం కలిపాను, ఎందుకంటే పాత బండి విప్పితేగాని దాని రోగం తెలియదు. అది మూడు లక్షలు. కాగితాలు, పన్నులు 60 వేలు. మొత్తం 8 లక్షల 10 వేలు. ఐదేళ్ళ తరవాత అమ్మితే రెండు లక్షలు వస్తాయనుకుందాం. పోయేది 6 లక్షల 10 వేలు, ఏడాదికి లక్షా 22 వేలు. బీమా, షెడ్డు, బ్యాటరీ, టైర్లకు ఏడాదికి ఇంకో 48 వేలు. వెరసి లక్షా 70 వేలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏడాదికి ఎన్ని రోజులు వాడతాం? నా మనసు అరవై అంది. మా ఆవిడ కేలెండరు తెచ్చి ముందు పెట్టింది. నా సెలవులు, వానలు, ఎండలు, అమ్మ ఆసుపత్రి రోజులు తీసేస్తే ఇరవై మిగిలాయి. అరవై రోజులైతే రోజుకి 2,800 దాకా పడుతుంది, బేరమే. ఇరవై రోజులైతే రోజుకి 8,500, డీజిలు కాకుండా. మా ఊళ్ళో డ్రైవరుతో సహా మంచి వ్యాను అంతకంటే తక్కువకే వస్తుంది.

కాగితం పరీక్షలో ఆ వ్యాను తప్పింది. ఆర్సీలో మంచాల ఊసే లేదు. ఇనుములోనూ తప్పింది. వెనక కమాను కట్ట బిగించే చోట సుత్తి తగలగానే పెళ్ళ ఊడొచ్చింది. కొనలేదు.

బండి కొనలేదని అమ్మ కోరిక పక్కన పెట్టలేం కదా. అప్పుడు ప్రశ్న మార్చి అడిగాను. మాకు కావలసింది వ్యానా? కాదు. ఎక్కడానికి మెట్టు, నడుం వాల్చడానికి చోటు, అడగకుండా వెళ్ళగలిగే బాత్రూము. మడత కమోడు కుర్చీ ఒకటి కొన్నాను. చుట్టూ కట్టుకునే తెరగుడ్డ కుట్టించాను. వడ్రంగి చేత రెండు మెట్ల పీట చేయించాను. అన్నీ కలిపి పదివేలు కాలేదు. వ్యాను అద్దెకి తీసుకుని, రెండు రోజులు నిదానంగా ఐదు ఆరామాలూ తిరిగాం. పాలకొల్లు దాటాక అమ్మ తనంతట తానే సీసా అందుకుని మంచినీళ్ళు తాగింది. మా ఆవిడ నా వైపు చూసింది. మేమిద్దరం ఏమీ మాట్లాడలేదు.

పాత బండి ఎవరూ కొనకూడదని నేననడం లేదండి. నీడపట్టున షెడ్డు, నమ్మకమైన మేస్త్రీ, ఏడాదికి రెండు నెలల తీరిక, రిపేరు చేయడమే సరదా అనిపించే మనసు ఉన్నవాళ్ళు, ఛాసీ గట్టిదీ కాగితాలు సరైనవీ అయితే నిక్షేపంగా కొనుక్కోండి. చూడ్డానికి వెళ్ళేటప్పుడు పిలిస్తే సుత్తీ టార్చిలైటూ నేను తెస్తాను.

చివరిగా సంఘానికి ఒక విన్నపం. ఈ రోజు రావలసిన గురువుల్లో కొందరు రాలేదు. "ఓపిక లేదు" అన్నారట. ఆ మాట వెనక ఏముందో మా ఇంట్లో నేర్చుకున్నాం. మన బడిలో రెండు మడత కమోడు కుర్చీలు, రెండు మెట్ల పీటలు, ఒక చక్రాల కుర్చీ ఉంచుదాం. ఏ పూర్వ విద్యార్థి ఇంట్లో పెద్దవాళ్ళు ప్రయాణం కట్టినా ఉచితంగా పట్టుకెళ్ళి, తిరిగి అప్పజెప్పాలి. మొదటి జత నేనిస్తాను. వచ్చే సమావేశానికి ఆ గురువుల్ని తీసుకురావడానికి ఎవరెవరు ఏ ఊరు వెళ్ళాలో ఇవాళ భోజనాల దగ్గరే పంచుకుందాం.