పథ్యం ఎన్నాళ్ళు? - పేగు ఆపరేషను తరువాత పండ్లు, కాయగూరలు



బెంగళూరు చిక్కపేటలో కాపురముండే మాలాంటి వాళ్ళకు కృష్ణరాజేంద్ర మార్కెట్టు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. 1928 నాటి మార్కెట్టు అది. దానికి దగ్గరలోనే 1897లో శంకుస్థాపన జరిగిన విక్టోరియా ఆసుపత్రి. అనంతపురం, చిత్తూరు, కోలారు, చిక్కబళ్ళాపురం వైపు నుంచి వైద్యానికి బెంగళూరు వచ్చే మనవాళ్ళు కొందరు ఈ పేటల్లో బంధువుల ఇళ్ళలో దిగుతూ ఉంటారు. పేగుకు ఆపరేషను జరిగి ఇంటికి వచ్చిన మనిషి, మార్కెట్టు నుంచి వచ్చిన కూరల సంచీని చూసి ఒకే ప్రశ్న అడుగుతాడు: "ఇవి నేను మళ్ళీ తినవచ్చునా?"

తినవచ్చు. చాలామంది తినవచ్చు. కాకపోతే కొన్నాళ్ళు ఆగి, కొద్దికొద్దిగా, ఒక్కొక్కటిగా తినాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. నేను వైద్యుణ్ణి కాను, పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మీ డాక్టరుగారు మీకిచ్చిన సలహాయే మొదటి మాట. ఆ సలహాను వంటింట్లో ఎలా ఆచరించాలన్నదే నా ప్రసంగం.

ముందు కారణం తెలుసుకుందాం. మన చిన్నపేగు సుమారు ఆరు మీటర్ల పొడవు. పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటరు. చిన్నపేగు ఆహారంలోని సారాన్ని పీల్చుకుంటుంది. పెద్దపేగు మిగిలిన నీటిని పీల్చుకుంటుంది. జబ్బు చేసిన భాగాన్ని తీసివేసి రెండు కొసలనూ కలిపి కుట్టినప్పుడు, ఆ చోటు కొన్ని వారాలపాటు వాచి, ఇరుకుగా ఉంటుంది. పండ్లలో, కూరల్లో ఉండే పీచు చాలావరకు అరగకుండానే కిందికి వెళుతుంది. మామూలు రోజుల్లో అదే దాని గొప్పతనం. ఇరుకు దారిలో మాత్రం అదే అడ్డం పడుతుంది. అందుకే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పీచు తగ్గించమంటారు. ఈ గడువు కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. ఇంటికి వచ్చే ముందే "ఎన్నాళ్ళు?" అని అడిగి, తేదీ రాయించుకోండి.

ఈ తేదీ సంగతి ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, హిందూపురం వైపు పల్లె నుంచి వచ్చిన మా మేనమామ ఆపరేషను తరువాత మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన చెవిన పడింది "కూరగాయలు వద్దు" అన్న మాట ఒక్కటే. ఎనిమిది నెలలు పెరుగన్నం, రొట్టె, పాలు. "మామా, రవ్వంత సొరకాయ తిను" అంటే, "వద్దప్పా, కుట్లు తెగిపోతే?" అనేవాడు. చివరికి చిగుళ్ళ నుంచి నెత్తురు, మెట్లెక్కితే ఆయాసం. పండ్లూ కూరలూ బొత్తిగా మానడం వల్ల వచ్చిన లోపమని డాక్టరు చెప్పారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు ఇలాగే చిగుళ్ళు పాడైన నావికులకు నారింజలు, నిమ్మపండ్లు ఇచ్చి నయం కావడం చూశాడు. సముద్రం మీద నావికులకు పండ్లు దొరకక వచ్చిన జబ్బు, మార్కెట్టు పక్కనే ఉన్న మా ఇంటికి భయం వల్ల వచ్చింది. పథ్యం మందులాంటిది. మందుకు గడువు ఉన్నట్టే పథ్యానికీ ఉంది.

ఇక ఎలా మొదలుపెట్టాలి? నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. తొక్క, గింజ, నార తీసివేయాలి. వేలితో నొక్కితే నలిగేంత మెత్తగా ఉడికించాలి. నోట్లో గుజ్జు అయ్యేదాకా నమలాలి. రోజుకు ఒక్క కొత్త రకమే, రెండు మూడు చెంచాలు తిని చూడాలి. ఏ కూర తిన్నామన్నది ఎంత ముఖ్యమో, ఎలా తిన్నామన్నదీ అంతే ముఖ్యం.

మొదటి వరుసలో లేత సొరకాయ, చెక్కు తీసిన బీరకాయ, గుమ్మడి, క్యారెట్, ఉర్లగడ్డ మంచివి. వీటితోపాటు మన ఊరి పేరు పెట్టుకున్న బెంగళూరు వంకాయ ఒకటి ఉంది. ఆంధ్రదేశంలో దానికి ఆ పేరు. బెంగళూరులో మాత్రం కన్నడంలో సీమెబదనెకాయి అంటారు. అది వంకాయ జాతీ కాదు, బెంగళూరులో పుట్టిందీ కాదు. మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన సొరకాయ చుట్టం. చెక్కు, నడిమి గింజ తీసి ఉడికిస్తే వెన్నలా నలుగుతుంది. ఆకుకూరల్లో కాడలు తీసివేసి ఆకు మాత్రమే ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి కొంచెం తినవచ్చు.

పండ్లలో బాగా మాగిన అరటిపండుతో మొదలుపెట్టండి. బొప్పాయి, తొక్కా గింజలూ తీసిన సపోటా, చెక్కు తీసి ఉడికించిన ఆపిలు, పీచు లేని మామిడి తరువాత వస్తాయి. బత్తాయి రసం వడగట్టి తాగవచ్చు. నారింజ తినాలంటే తొన మీది పొర ఒలిచి తినండి. జామ, దానిమ్మ, అనాస, పనస, మందపు తొక్కా గింజలూ ఉండే బెంగళూరు బ్లూ ద్రాక్ష - వీటిని ఆఖరి వరుసలో ఉంచండి.

మన ప్రాంతంలో అసలు పరీక్ష అనపకాయల కాలంలో వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ పేటల్లో ఎక్కడ చూసినా ఆ వాసనే. నానబెట్టి తొక్క తీసే పితికిపప్పు మన పెద్దలు నేర్పిన వంట. తొక్క పోతుంది కాబట్టి పేగుకు ఆ బాధ తప్పుతుంది. కడుపులో గాలి మాత్రం తప్పదు. మొదటి ఏడాది రెండు చెంచాలతో సరిపెట్టుకోండి. క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, ఉల్లి కూడా గాలి పుట్టించేవే. అవి హానికరం కావు, ఇబ్బందికరం మాత్రమే. బీట్‌రూట్ తింటే విరేచనం ఎర్రబడుతుంది. అది తినని రోజున ఎరుపు కనిపిస్తే మాత్రం డాక్టరుకు చెప్పాలి.

కొందరికి పొట్ట మీద ద్వారం పెట్టి సంచి తగిలిస్తారు. ఆ ద్వారం చిన్నపేగుది అయితే మరింత జాగ్రత్త అవసరం. మొక్కజొన్న, పుట్టగొడుగులు, పచ్చికొబ్బరి, చెనక్కాయలు, ఎండు పండ్లు సరిగా నమలకపోతే దారికి అడ్డుపడతాయి. పైగా ఒంట్లోని నీరు, ఉప్పు సంచిలోకి పోతుంటాయి. సంచి మరీ పలచగా, ఎక్కువగా నిండుతుంటే ఒట్టి మంచినీళ్ళు ఎక్కువగా తాగడం చాలదు. ఓఆర్‌ఎస్ పొడిని పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి తాగి, వైద్యుణ్ణి అడగాలి.

కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పి, వాంతులు, కొన్ని గంటలుగా సంచిలోకి ఏమీ రాకపోవడం, లేదా గాలి కూడా వెళ్ళకపోవడం - ఇవి కనిపిస్తే కషాయాలు, విరేచనాల మందులు ఇంట్లో ప్రయోగించకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, చిన్నపేగు చాలాభాగం పోయినవారు పండ్ల సంగతి విడిగా అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో వండేవారికి ఒక మాట. రోగికి వేరే వంట పెట్టుకోనక్కరలేదు. అందరికీ ఉడికించిన కూరలోనే, కారం, తిరగమోత వేయకముందు ఒక గిన్నెడు తీసి మెదిపి పెట్టండి. అందరితోపాటు ఆయననూ పంక్తిలో కూర్చోబెట్టండి. ఒక చిన్న పుస్తకం పెట్టి తేదీ, తిన్న కొత్త కూర, ఆ రోజు కడుపు తీరు రాయండి. పడని దానికి ఎదురుగా సున్నా చుట్టి, రెండు మూడు వారాల తరువాత మళ్ళీ పరీక్ష పెట్టండి. బడిలో ఒకసారి తప్పిన పిల్లవాణ్ణి మనం వెళ్ళగొట్టం కదా! మా మేనమామ అలాగే పుస్తకం రాసి, ఏడాది తిరిగేసరికి ఇరవై రెండు రకాలు తినగలిగాడు. సున్నాలు మూడే మిగిలాయి. వాటిలో పనసపండు ఒకటి. దానికి మాత్రం ఆయన ఇప్పటికీ బాధపడుతుంటాడు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఆపరేషను జరిగి, నెలల తరబడి భయంతో పెరుగన్నమే తింటున్న వారుంటే, పథ్యం గడువు ఎప్పటిదో ఒక్కసారి అడగండి. అది దాటిపోయి ఉంటే, డాక్టరుతో మాట్లాడించి, మెత్తగా ఉడికిన సొరకాయ ముక్క ఒకటి పళ్ళెంలో పెట్టండి.