ఆగస్టు 20: రాస్ పక్కన హుస్సేన్ ఖాన్

 

వైద్య చరిత్రలో గుర్తుంచుకోవలసిన రోజుల గురించి మాట్లాడమన్నారు. చాలానే ఉన్నాయి. మన ఊరి పక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ వైపు వెళ్తే, సుమారు రెండు గంటల్లో చేరే బేగంపేటకు చెందిన ఒక్క రోజు గురించే చెబుతాను. అది 1897 ఆగస్టు 20.

అప్పటిదాకా చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవారు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడుగాలి. ఆ జ్వరం తెచ్చే క్రిమిని 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో చూశాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో మాత్రం తేలలేదు. దోమల మీద అనుమానంతో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ రెండేళ్లు వాటిని కోసి చూశాడు, ఫలితం రాలేదు. తీరా చూస్తే ఆయన పట్టుకున్న దోమల రకమే వేరు.

చివరికి రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. ఆగస్టు 16న వాటిని హుస్సేన్ ఖాన్ అనే జ్వర రోగి మీద వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. ఒళ్లు కాలిపోతున్న మనిషి కదలకుండా పడుకుని దోమలకు రక్తం ఇవ్వడం ఎలా ఉంటుందో మీరే ఊహించండి! నాలుగో రోజున ఒక దోమ కడుపు గోడలో నల్లని చుక్కలున్న గుండ్రని కణాలు కనిపించాయి. మరునాడు మిగిలిన దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి. క్రిమి దోమలో పెరుగుతోందని దాంతో తేలింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలోని సంస్థకూ ఆయన పేరే పెట్టారు. న్యాయమే. అయితే ఆగస్టు 20న హుస్సేన్ ఖాన్ పేరు కూడా పలకాలని నా కోరిక.

దాతలను ఒకటి అడుగుతాను. మలేరియా రక్త పరీక్ష సర్కారు దవాఖానలో ఉచితమే. అయినా కూలి పోతుందని, ఆటో కిరాయి ఎక్కడిదని, మూడు నాలుగు రోజులు గోలీలతో గడిపేవాళ్లు మనలో ఉన్నారు. హుస్సేన్ ఖాన్‌కైనా అణాలు ముట్టాయి. మన రోగికి రానుపోను కిరాయి, ఒక రోజు కూలి మన నిధి నుంచి ఇవ్వగలమా? ఎంతన్నది కమిటీ తేలుస్తుంది. వానలు పడకముందే ఇవ్వగలిగినవారు రసీదు మీద ‘జ్వర పరీక్ష’ అని రాయించండి.