కష్టానికి మార్కులు వేయొచ్చా?



"మావాడు రాత్రి పదకొండింటి దాకా చదువుతాడండీ, మార్కులే రావడం లేదు" అంటుంది తల్లి. "తెలివుంది, ఒళ్లు వంచడు" అంటారు మాస్టారు. ఇద్దరూ చెప్పేది పిల్లవాడి కష్టం గురించే. దాన్ని టీచరు కొలవొచ్చా? కొలిస్తే ఎలా?

మన బడుల్లో ఈ ప్రయత్నం జరిగింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయమంది. తెలంగాణలో 2014-15 నుంచి పదో తరగతిలో రాతపరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 మార్కులు పెట్టారు. తరగతిలో పాల్గొనడం, నోటుపుస్తకం, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు, తలా 5. ఉద్దేశం మంచిదే. అయితే ఆ మార్కు మెమోలో కలుస్తుందంటే ఏ టీచరు తగ్గించి వేస్తాడు? పక్క బడిలో ఇరవైకి ఇరవై వేస్తారేమోనన్న భయం ఉండనే ఉంటుంది. ప్రాజెక్టు గైడులోంచి దిగుతుంది, చార్టు నాన్న గీసిపెడతాడు.

పైగా కష్టం కంటికి ఆనదు. పత్తి తీతల రోజుల్లో చేనుకెళ్లి బడికి ఆలస్యంగా వచ్చిన పిల్ల మన రిజిస్టరులో బద్ధకస్తురాలు. ముందు బెంచీలో కూర్చుని తలూపేవాడు బుద్ధిమంతుడు.

అలాగని వదిలేయలేం. 2005లో మనస్తత్వవేత్తలు డక్‌వర్త్, సెలిగ్మన్ అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలను పరిశీలించారు. ఏడాది చివరి మార్కులను ఐక్యూ కన్నా స్వీయ క్రమశిక్షణే బాగా సూచించిందని తేల్చారు. ఇంత విలువైన అలవాటును నేర్పాలంటే, ముందు గమనించాలి.

పిల్లవాడి స్వభావం మీద తీర్పులొద్దు, చేసిన పనిని చూద్దాం. దిద్దిచ్చిన తప్పు లెక్కను మళ్లీ చేశాడా? అర్థం కానిది అడిగాడా? ఒప్పుకున్న రోజుకి పని తెచ్చాడా, తేకపోతే ఇంట్లో ఏం అడ్డొచ్చింది? ఈ మూడింటికి జవాబులు ప్రోగ్రెస్ కార్డులో విడిగా, మాటల్లో రాయాలి. లెక్కల మార్కులో కలిపితే లెక్కలు ఎంతొచ్చో తెలియదు, కష్టం ఎంత పడ్డాడో తెలియదు. ముందు పిల్లవాడే తన గురించి రాసుకోవాలి, ఆ కింద టీచరు రాయాలి. 2020 జాతీయ విద్యా విధానం కూడా ప్రోగ్రెస్ కార్డులో స్వీయ మూల్యాంకనానికి చోటిచ్చింది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈసారి పేరెంట్స్ మీటింగులో ర్యాంకు అడిగే ముందు నోటుపుస్తకం తెప్పించుకోండి. ఎర్రసిరా పడ్డ చోట పిల్లవాడు మళ్లీ ఏం చేశాడో చూడండి. ఏమీ చేయకపోతే, ఎందుకో వాణ్నే అడగండి.